లీజులో ఆ 15 డాలర్లు ఎవరి కోసం?

ప్రశ్న: డాలస్ పక్కన ఇర్వింగ్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. నేను, నా భార్య, మూడేళ్ల పాప. మాది రెండో అంతస్తు. ఈసారి లీజు రెన్యూవల్ కాగితాల్లో కొత్తగా ఒక షరతు పెట్టారు. కనీసం లక్ష డాలర్ల లయబిలిటీతో, అంటే మా వల్ల ఇతరులకి జరిగే నష్టానికి రక్షణతో, రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉండాలట. పాలసీ చూపించకపోతే అద్దెతో పాటు నెలకి 15 డాలర్లు వాళ్లే కలుపుతారట. బిల్డింగ్‌కి ఓనర్ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, మళ్లీ మా చేత కట్టించడమేంటి? ఇది చట్టప్రకారం చెల్లుతుందా? ఆ 15 డాలర్లు పడేస్తే పీడా వదిలిపోతుంది అంటుంది మా ఆవిడ. ఇంట్లో పెళ్లినాటి బంగారం ఉంది, అది కూడా దీంట్లో కవర్ అవుతుందా? రెండో బెడ్‌రూమ్‌లో ఉద్యోగం పోయిన మా ఫ్రెండ్ నాలుగు నెలలుగా ఉంటున్నాడు, నెలనెలా కొంత ఇస్తాడు. మార్చిలో అమ్మానాన్న ఆరు నెలలకి వస్తున్నారు. వీళ్ల సంగతేంటి?
ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ఇంట్లో ఆవిడ మాట వింటే సగం గొడవలు ఉండవని నేనూ నమ్ముతాను గానీ, ఈ ఒక్క విషయంలో వద్దు. ఆ 15 డాలర్లు కట్టకండి. బయట మీ పేరు మీద పాలసీ కొనుక్కుని ఆ కాగితం ఆఫీసులో ఇచ్చేయండి. ఇర్వింగ్ లాంటి చోట సామాన్లకి ఒక 30 వేలు, లయబిలిటీకి లక్ష పెట్టి తీసుకుంటే మామూలుగా నెలకి 15 నుంచి 25 డాలర్ల మధ్య అవుతుంది. కారు ఇన్సూరెన్స్ ఉన్న కంపెనీలోనే తీసుకుంటే కారు మీద ఇచ్చే డిస్కౌంట్‌తోనే సగం చెల్లిపోవచ్చు.

మీరు ఆఫీసుకి ఇచ్చే 15 డాలర్లు ఎక్కడికి పోతాయో ముందు చూద్దాం. చాలా కాంప్లెక్సుల్లో దానికి ఇన్సూరెన్స్ అనే పేరు కూడా ఉండదు, ‘లయబిలిటీ వేవర్’ అనో ఇంకేదో ప్రోగ్రామ్ అనో రాస్తారు. మీ వల్ల బిల్డింగ్‌కి నష్టం జరిగితే, ఒక హద్దు వరకు ఓనర్ ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేయడు. అంతే. మీ సోఫా కాలిపోతే దానికి పైసా రాదు. కిందింటివాళ్ల టీవీ పాడైతే వాళ్లకి మీరే సమాధానం చెప్పుకోవాలి. ఎవరైనా కోర్టుకి వెళితే లాయర్ని మీరే పెట్టుకోవాలి. కొన్నిచోట్ల కొంచెం ఎక్కువ ఇస్తారు, అందుకని ఆ ప్రోగ్రామ్ షరతుల కాగితం అడిగి తీసుకుని చదవండి. ‘రెసిడెంట్ సామాన్లకి వర్తించదు’ అన్న ముక్క కనిపిస్తే ఇక మిగతాది చదవక్కర్లేదు.

చెల్లుతుందా అంటే, చెల్లుతుంది. అద్దెకుండేవాళ్లకి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని టెక్సాస్ చట్టం ఏమీ చెప్పదు, కానీ లీజులో ఓనర్ అడగడాన్ని ఆపదు కూడా. మీది రెన్యూవల్ కాబట్టి ఇది కొత్త ఒప్పందం కింద లెక్క. సంతకం పెట్టకముందు బేరం ఆడొచ్చు, పెట్టాక కట్టుబడాలి. అదే లీజు మధ్యలో, ఇంకా ఏడు నెలలు ఉండగా ఇలాంటి నోటీసు తలుపుకి అంటిస్తే మాత్రం, పాత లీజులో ఆ అధికారం ఎక్కడ రాసుకున్నారో చూపించమనండి. ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. పోర్ట్‌లాండ్ వైపు ఉండే మనవాళ్ల కోసం ఒక మాట: ఒరెగాన్ చట్టం ఓనర్లు లక్ష డాలర్లు గానీ, అక్కడ అలాంటి ఇళ్లకి మామూలుగా అడిగే మొత్తం గానీ, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి మించి లయబిలిటీ అడగకుండా హద్దు పెట్టింది. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో సగం, అంతకన్నా తక్కువ వచ్చే కుటుంబాలని అసలు అడగకూడదంది. టెక్సాస్‌లో అలాంటివి ఆశించకండి.

ఇక మీ అసలు ప్రశ్న, ఓనర్‌కి ఇన్సూరెన్స్ ఉంది కదా అన్నది. మన ఊళ్లో అద్దె అంటే రెండు నెలల అడ్వాన్సు, బెంగళూరు అయితే పది నెలల దాకా. పోయేటప్పుడు సున్నం ఖర్చులు కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు, అక్కడితో లెక్క తీరిపోతుంది. ఆ అలవాటుతో వచ్చాం కాబట్టి ఓనర్ ఇన్సూరెన్స్ మనల్ని కూడా కాపాడుతుందని అనుకుంటాం. ఇక్కడ అది ఓనర్‌కి డబ్బు ఇచ్చేసి, ఆ తర్వాత ఓనర్ స్థానంలో నిలబడి, నష్టానికి కారణమైనవాళ్ల మీద పడుతుంది.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. శాన్ ఆంటోనియోలో ఒకమ్మాయి అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుని సొంత డ్రయర్ పెట్టుకుంది. డ్రయర్‌లోంచి మంటలొచ్చి ఆమె ఇల్లూ, ఆనుకుని ఉన్న ఇళ్లూ దెబ్బతిన్నాయి. ఓనర్ ఇన్సూరెన్స్ కంపెనీ ఓనర్‌కి 83 వేల డాలర్ల పైన ఇచ్చి, ఆ డబ్బు కట్టమని అమ్మాయి మీద దావా వేసింది. ఆమె నిర్లక్ష్యం ఏమీ లేదని జ్యూరీయే చెప్పింది. కానీ లీజులో ఒక వాక్యం ఉంది: ఓనర్ నిర్లక్ష్యం గానీ తప్పు గానీ కాని ‘ఏ ఇతర కారణం’ వల్ల నష్టం జరిగినా అద్దెకున్నవాళ్లే భరించాలని. కింది కోర్టులు ఆ వాక్యం అన్యాయమని పక్కన పెట్టాయి. 2016లో టెక్సాస్ సుప్రీంకోర్టు, ప్రజాహితం పేరు చెప్పి ఆ వాక్యాన్ని కొట్టేయడానికి వీల్లేదని తీర్పు చెప్పి, కేసుని వెనక్కి పంపింది. ఆ లీజు టెక్సాస్ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ల అచ్చు ఫారం. ఈ రాష్ట్రంలో చాలా కాంప్లెక్సులు ఆ ఫారమే వాడతాయి, మీది కూడా అదే అయి ఉండొచ్చు. ఈ రాత్రి మీ లీజు పీడీఎఫ్ తెరిచి ‘రీయింబర్స్’ అన్న మాట వెతకండి. ఏం రాసి ఉందో చదివాక లక్ష డాలర్లు మీకే తక్కువ అనిపించొచ్చు. నాకు అనిపించింది, అందుకే నాది 3 లక్షలు. లక్షకీ 3 లక్షలకీ మధ్య తేడా మామూలుగా నెలకి ఒకటి రెండు డాలర్లే, ఒక టీ ఖర్చు.

మంట సరే, నీళ్ల సంగతి నా సొంత అనుభవంతో చెప్తాను. మీ అమ్మగారు వస్తున్నారన్నారు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది.

ప్లేనోలో అద్దెకున్న రోజుల్లో మా అమ్మ మొదటిసారి వచ్చింది. ఆవిడకి షవర్ కింద నిలబడితే స్నానం చేసినట్టు ఉండదు, బకెట్టూ చెంబూ ఉండాలి. మోకాళ్ల నొప్పులు, టబ్ గట్టు ఎక్కి దిగలేదు. మొదటి రెండు రోజులు ఎలాగో ఎక్కి, మూడో రోజు నుంచి ఎవరికీ చెప్పకుండా టబ్ బయటే ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని, బకెట్ పక్కన పెట్టుకుని, గుంటూరులో పోసుకున్నట్టు పోసుకుంది. నీళ్లు ఎటు పోతున్నాయో ఆవిడకి అనుమానం రాలేదు. బాత్‌రూమ్ అన్నాక తూము ఉంటుంది కదా. అమెరికా బాత్‌రూమ్ నేలకి తూము ఉండదని నేను చెప్పలేదు, చెప్పాలని నాకు తోచలేదు. ఆరో రోజు సాయంత్రం కిందింటి ఆవిడ తలుపు కొట్టింది. వెళ్లి చూస్తే వాళ్ల హాల్లో సీలింగ్ మీద పళ్లెమంత పసుపు మరక, మధ్యలో ఉబ్బి ఉంది, దాని అంచు నుంచి టీవీ మీదకి ఒక్కో చుక్క పడుతోంది. మేం చూస్తుండగానే ఆ ఉబ్బు పగిలి పెచ్చు ఊడి కింద పడింది.

కిందింటి సీలింగ్ బాగుచేయడానికి, తేమ ఆరబెట్టే ఫ్యాన్లు నాలుగు రోజులు తిప్పడానికి, మా బాత్‌రూమ్ నేల మార్చడానికి కలిపి ఆఫీసు నాకు పంపిన బిల్లు 4,000 డాలర్లు దాటింది. టీవీ డబ్బులు అదనం. లీజులో అడిగారని, దొరికిన వాటిల్లో చవకది చూసి, చదవకుండా కొన్న పాలసీ ఒకటి నా దగ్గర ఉంది. కిందింటి సీలింగ్‌కీ ఫ్యాన్లకీ టీవీకీ వాళ్లే కట్టారు. లయబిలిటీకి డిడక్టిబుల్ ఉండదు కాబట్టి నేను ముందుగా పెట్టుకోవాల్సింది కూడా ఏమీ లేదు. కానీ మా బాత్‌రూమ్ నేలకి అయిన 900 ఇవ్వలేదు. కారణం పాలసీలోనే ఉంది, నేను చూసుకోలేదు. మనం అద్దెకున్న ఇంటికే జరిగే నష్టం చాలా పాలసీల లయబిలిటీలో రాదు. నిప్పు, పొగ, పేలుడు, ఈ మూడింటికి మాత్రం మినహాయింపు ఇస్తారు. కొన్ని కంపెనీలు ఆ జాబితాలో నీళ్లు కూడా చేర్చాయి, కొన్ని చేర్చలేదు. కొనేటప్పుడు ఏజెంట్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ‘నేనుండే యూనిట్‌కే నీళ్ల వల్ల నష్టం జరిగితే లయబిలిటీలో వస్తుందా?’ లీజు వైపు కూడా చూడండి. అక్కడ నిప్పుతో పాటు నీళ్లు అని రాసి ఉంటే, నీళ్లు లేని పాలసీ తీసుకెళితే ఆఫీసువాళ్లు తిప్పి పంపుతారు.

ఇంకో సంగతి. అకస్మాత్తుగా పైపు పగిలితే ఇచ్చే కంపెనీ, సింక్ కింద నెలల తరబడి కారుతూ ఉంటే ఇవ్వదు. చెమ్మ కనిపించిన రోజే ఆఫీసుకి మెయిల్ పెట్టండి. ఫోన్‌లో చెప్పడం కాదు, రాతలో ఉండాలి.

పైపులంటే 2021 ఫిబ్రవరి గుర్తొస్తుంది. మీరు అప్పటికి వచ్చారో లేదో, ఆ మంచు తుఫానుకి టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు పోయి, గడ్డకట్టిన పైపులు ఇళ్లల్లో పగిలాయి. సీలింగ్‌లోంచి నీళ్లు పడి మంచాలూ బట్టలూ లాప్‌టాప్‌లూ తడిసినవాళ్లు ఆఫీసుకి వెళితే, బిల్డింగ్ మాది, సామాన్లు మీవి అన్న సమాధానమే వచ్చింది. ఓనర్ పాలసీ గోడలకి, పైకప్పుకి, వాళ్లు అమర్చిన స్టవ్‌కీ ఫ్రిజ్‌కీ. మీరు తెచ్చుకున్న ప్రతి వస్తువూ మీ పాలసీ పరిధిలోనిదే. పైగా టెక్సాస్ చట్టంలో ఓనర్‌కి ఒక వెసులుబాటు ఉంది: అగ్నిప్రమాదం, వడగళ్ల లాంటి ఇన్సూరెన్స్ ఉన్న నష్టమైతే, ఇన్సూరెన్స్ డబ్బు ఓనర్ చేతికి వచ్చేదాకా రిపేర్ గడువు మొదలే కాదు. మీ తప్పేమీ లేకుండా ఇల్లు పూర్తిగా ఉండటానికి పనికిరాకుండా పోతే, రిపేర్లు పూర్తయ్యేలోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఇరువురిలో ఎవరైనా లీజు రద్దు చేసుకోవచ్చు. కానీ ఆ రాత్రి మూడేళ్ల పాపని తీసుకుని ఎక్కడికి వెళ్తారు? హోటల్ బిల్లు ఓనర్ కట్టడు. మీ పాలసీలో ‘లాస్ ఆఫ్ యూజ్’ అని ఒక భాగం ఉంటుంది, హోటలూ, వంట లేక బయట తినడానికి అయ్యే అదనపు ఖర్చూ అది ఇస్తుంది. చాలా పాలసీల్లో సామాన్లకి పెట్టుకున్న మొత్తంలో 30 శాతం దాకా. ఆఫీసువాళ్ల 15 డాలర్లలో లేనిది ఇదే, నా లెక్కలో అన్నింటికన్నా విలువైనదీ ఇదే.

సామాన్ల దగ్గర ఒక్క ఎంపిక జాగ్రత్తగా చేయండి. ‘యాక్చువల్ క్యాష్ వాల్యూ’ అంటే పాత వస్తువుకి పాత ధర, అంటే ఐదేళ్ల కిందట 800 పెట్టి కొన్న సోఫాకి చేతిలో 200 పెడతారు. ‘రీప్లేస్‌మెంట్ కాస్ట్’ అంటే అలాంటి కొత్తది కొనుక్కునే డబ్బు. రెండోది తీసుకోండి, నెలకి కొద్ది డాలర్లే తేడా. వరద మాత్రం రెండింట్లోనూ రాదు. దానికి ఫెడరల్ ఫ్లడ్ పాలసీ వేరే ఉంది, అద్దెకున్నవాళ్ల సామాన్లకి లక్ష డాలర్ల దాకా ఇస్తుంది, కొన్నాక మామూలుగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు. మీది రెండో అంతస్తు, అంటే మన లెక్కలో మొదటి అంతస్తు కాబట్టి మీకు దాని తొందర లేదు. అదే వ్యాలీ రాంచ్ కాలవల పక్కన నేల మీద ఇల్లు తీసుకున్నవాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇప్పుడు బంగారం. మీ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది ఈ ముక్కే.

మామూలు రెంటర్స్ పాలసీలో దొంగతనం జరిగితే నగలకి ఇచ్చేది తరచు 1,500 డాలర్లు. ఒక్కో నగకి కాదు, అన్నీ కలిపి. మీరు సామాన్లకి 30 వేలు పెట్టుకున్నా, 60 వేలు పెట్టుకున్నా ఆ హద్దు మారదు. ఈ రోజు ధరల్లో 1,500 డాలర్లకి నల్లపూసలు కూడా సరిగ్గా రావు, హారం మాట దేవుడెరుగు. ఇంకా తమాషా చూడండి. ధనత్రయోదశికి కొన్న బంగారు బిళ్లలు, మామగారు పెట్టిన విడి కాసులు నగల కింద కూడా రావు. చాలా పాలసీలు వాటిని డబ్బు, నాణేలు, కడ్డీలు ఉండే గుంపులో వేస్తాయి, ఆ గుంపు మొత్తానికీ హద్దు తరచు 200 డాలర్లే. కాసులపేరుగా గుచ్చితే నగ, డబ్బాలో ఉంటే చిల్లర. అదే దొంగ కాకుండా నిప్పు తినేస్తే నగలకి ఈ 1,500 హద్దు చాలా పాలసీల్లో వర్తించదు, మొత్తం సామాన్ల లెక్కలో చూస్తారు. కానీ మనం భయపడేది దొంగకే కదా. మన ఇళ్లల్లో బంగారం ఉంటుందని ఈ దేశంలో దొంగలకి కూడా తెలిసి చాలా ఏళ్లయింది.

దారి ఏంటంటే, పెద్ద నగలని పాలసీలో విడిగా, ఒక్కోదాన్నీ విలువతో రాయించుకోవాలి. దాన్ని ‘షెడ్యూల్’ చేయడం అంటారు. ఏడాదికి సుమారు వెయ్యి డాలర్ల విలువకి 10 నుంచి 20 డాలర్లు పడుతుంది. అలా రాయిస్తే దొంగతనమే కాదు, ఎక్కడో జారిపోయినా చాలావరకు ఇస్తారు, డిడక్టిబుల్ కూడా మామూలుగా ఉండదు. కంపెనీ రసీదు గానీ అప్రైజల్ (విలువ కట్టి రాసిన కాగితం) గానీ అడుగుతుంది. హైదరాబాద్ షాపు రసీదు ఉంటే తీసిపెట్టుకోండి గానీ, పెళ్లినాటి రసీదులో గ్రాము ధర ఆనాటిది. తరుగు, మజూరి, రాళ్ల బరువు విడిగా రాసి ఉన్నా ఇక్కడి ఏజెంట్‌కి ఆ మాటలు అర్థం కావు. ఇక్కడ అప్రైజర్ దగ్గర 22 క్యారెట్లని రాయించి కొత్త కాగితం తీసుకోవడం మేలు. అప్రైజర్ మజూరిని ఎంత లెక్కేశాడో అడగండి. కొందరు కరిగించిన ధరే రాస్తారు, అప్పుడు క్లెయిమ్‌లో మీకు బంగారం వస్తుంది గానీ నగ రాదు.

ఏడాదికి రెండుసార్లు పెట్టుకునే నగలైతే బ్యాంకు లాకర్ చవక. అయితే బ్యాంకులో పెట్టాం కాబట్టి ప్రభుత్వ గ్యారంటీ ఉంటుందని మాత్రం అనుకోకండి. ఎఫ్‌డీఐసీ హామీ డిపాజిట్లకే, లాకర్లో ఉన్నవాటికి కాదు. నేనైతే వాడనివి లాకర్లో పెట్టి, ఒంటి మీద ఉండేవి షెడ్యూల్ చేయించాను.

మీ ఫ్రెండ్ విషయం కొంచెం కటువుగానే చెప్పాలి. మీరు చేసిన సాయం మంచిదే. కానీ లీజులో అతని పేరు లేకపోతే ఇది ఇన్సూరెన్స్ కన్నా ముందు లీజు సమస్య. అతిథిగా ఎన్ని రోజులు ఉండొచ్చో లీజులోనే రాసి ఉంటుంది, నాలుగు నెలలు మామూలుగా ఏ లీజులోనూ ఉండదు. రెంటర్స్ పాలసీ మీకు, మీ భార్యకి, మీ ఇంట్లో ఉండే మీ బంధువులకి. ఫ్రెండ్ ఎంత తమ్ముడిలాంటివాడైనా ఆ మాటకి పాలసీలో అర్థం లేదు. రేపు అతను పొయ్యి మీద నూనె పెట్టి ఫోన్‌లో ఇంటర్వ్యూకి వెళ్లాడనుకోండి, అతనికంటూ ఏ రక్షణా లేదు. బిల్లు మాత్రం లీజు మీద సంతకం ఉన్న మీకే వస్తుంది. ఈ దేశంలో ఇళ్లల్లో అగ్నిప్రమాదాలకి మొదటి కారణం వంటే. మన వేపుళ్ల సంగతి మీకు చెప్పాలా? రెన్యూవల్ ఇప్పుడే కాబట్టి అతని పేరు లీజులో ఆక్యుపెంట్‌గా చేర్పించండి, అతని చేత నెలకి పన్నెండో పదిహేనో పెట్టి సొంత పాలసీ తీయించండి. ఒకే పాలసీలో ఇద్దరి పేర్లూ వేయించుకోవచ్చని ఎవరైనా చెప్తారు. వద్దు. క్లెయిమ్ చెక్కు ఇద్దరి పేరు మీద వస్తుంది, అతని క్లెయిమ్ మీ రికార్డు మీద కూర్చుంటుంది.

అమ్మానాన్నలు బంధువులే కాబట్టి అంత ఇబ్బంది లేదు. ఊరికే వచ్చి వెళ్లే అతిథుల సామాన్లు మీ ఇంట్లో ఉండగా పాడైతే, మీరు కోరితే మీ పాలసీ కిందే చూసే కంపెనీలు చాలా ఉన్నాయి. ఆరు నెలలంటే అతిథా, ఇంట్లో మనిషా అన్న ప్రశ్న వస్తుంది. వాళ్లు రాకముందే ఏజెంట్‌కి మెయిల్ పెట్టి, ‘నా తల్లిదండ్రులు మార్చి నుంచి ఆరు నెలలు ఉంటారు, వాళ్ల వల్ల జరిగే నష్టం నా లయబిలిటీలో వస్తుందా’ అని అడిగి జవాబు దాచుకోండి. ఆఫీసుకి కూడా చెప్పండి, లీజులో అతిథుల రోజుల లెక్క వాళ్లకీ వర్తిస్తుంది. మీ నాన్నగారు మెట్ల మీద కాలు జారితే ఈ పాలసీలో ఉండే ‘మెడికల్ పేమెంట్స్’ ఇస్తుందని ఆశపడకండి. అది బయటివాళ్ల చిన్న దెబ్బలకి, ఇంట్లో ఉండేవాళ్లకి వర్తించదు. వాళ్లకి విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాల్సిందే.

పాలసీ కొన్నాక ఆఫీసు పోర్టల్‌లో ఎక్కించే దగ్గర మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కుంటారు. లీజులో ఉన్న పేరూ పాలసీలో ఉన్న పేరూ అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన ఇంటిపేర్లు లీజులో ముందు, పాలసీలో వెనక పడటం రోజూ జరిగేదే. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేక వీసాలో ‘ఎఫ్ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని పడినవాళ్ల కష్టం వేరే చెప్పక్కర్లేదు, మా బావమరిది మూడు సార్లు ఎక్కించాడు. లీజులో సంతకం పెట్టిన మీ భార్య పేరు కూడా పాలసీ మొదటి పేజీలో కనిపించాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా భార్య పేరు చేర్చే కంపెనీలు ఉన్నాయి, వాళ్ల దగ్గరే తీసుకోండి. అపార్ట్‌మెంట్ నంబరు అడ్రసులో ఉండాలి. పాత లీజు అయిపోయే రోజుకే పాలసీ మొదలవ్వాలి, ఒక్క రోజు తేడా వచ్చినా ఆ నెల 15 డాలర్లు పడతాయి. పడితే మెయిల్ పెట్టి తీయించుకోండి, వాటంతట అవి పోవు.

ఓనర్‌ని ‘ఇంటరెస్టెడ్ పార్టీ’గా చేర్చమని అడుగుతారు. చేర్చండి. పాలసీ ఆగిపోతే వాళ్లకి ఒక ఉత్తరం వెళ్తుంది, అంతవరకే. ‘అడిషనల్ ఇన్సూర్డ్’గా పెట్టమంటే మాత్రం ఒప్పుకోకండి, అది మీ పాలసీలో వాళ్లకి వాటా ఇచ్చినట్టు. పేర్లు దగ్గరగా ఉంటాయి, ఆఫీసులో కూర్చున్న కుర్రాడికి కూడా తేడా తెలియకపోవచ్చు. పాలసీ కొని, పోర్టల్‌లో ఎక్కించి, మర్నాడు క్యాన్సిల్ చేసే తెలివైనవాళ్లు మన గ్రూపుల్లో కనిపిస్తారు. పైన చెప్పిన ఉత్తరం ఆఫీసుకి చేరుతుంది.

ఇంకొక్క పని. ఫోన్ తీసి ఇల్లంతా ఒక వీడియో తీయండి. అల్మరాలు తెరిచి, వంటింట్లో గ్రైండరూ ఇడ్లీ కుక్కరూ సహా, టీవీ వెనక సీరియల్ నంబరుతో. పది నిమిషాల పని. దాన్ని ఫోన్‌లోనే ఉంచకుండా ఎవరికైనా మెయిల్ చేయండి, క్లెయిమ్‌లో ఫోన్ కూడా కాలిపోయిందని రాయాల్సి రావొచ్చు. మా ఇంట్లో ఆ వీడియో అమ్మ చూసి, తన స్టూల్ ఎందుకు తీయలేదని అడిగింది. ఆ స్టూల్ ఇప్పుడు టబ్ లోపల ఉంటుంది, గట్టు ఎక్కడానికి గోడకి ఒక పట్టుకునే కడ్డీ పెట్టించాం. ఆఫీసు పర్మిషన్ అడిగితే రెండు రోజుల్లో వాళ్లే మనిషిని పంపి బిగించారు. మార్చికి ముందే అడగండి.